రైలు టికెట్ బుక్ చేద్దామంటే బటన్ మాయం.. ఆ నంబర్ దాటగానే లోపల జరిగేది ఇదే!

సంక్రాంతి ముందు ఊరికి టికెట్ల కోసం ఐఆర్‌సీటీసీ ఓపెన్ చేసిన వాళ్లందరికీ ఇది అనుభవమే. నిమిషం క్రితం వరకు వెయిటింగ్ లిస్ట్ చూపించిన రైలు, రిఫ్రెష్ కొట్టగానే 'రిగ్రెట్' అంటుంది. అంతే, ఇక ఆ తరగతిలో బుక్ చేసే వీలుండదు. 'మన ఫోన్ హ్యాంగ్ అయిందా? సైట్ డౌన్ అయిందా?' అని చాలామంది కంగారు పడతారు. ఫోన్‌లో లోపమేమీ ఉండదు. వెయిటింగ్ లిస్ట్‌కు రైల్వే పెట్టుకున్న పరిమితి నిండిపోయిందన్న మాట.

ఒక అంకె హద్దు దాటితే బటన్ ఆగిపోవడం ఈ ఒక్క చోటే కాదు. ఒక టికెట్‌పై ఆరుగురికి మించి ప్యాసింజర్లను చేర్చలేం. తత్కాల్‌లో అయితే నలుగురే. ఆధార్ లింక్ చేయని ఐడీతో నెలకు 12 టికెట్లు, లింక్ చేస్తే 24. ఈ పరిమితులన్నిటి వెనకా పనిచేసే సూత్రం దాదాపు ఒకటే. మరి అదెలా పనిచేస్తుంది?

ఆరుగురు ప్యాసింజర్ల లెక్కనే తీసుకుందాం. ఒక్కో పేరు చేర్చినప్పుడల్లా పేజీలో ఉండే చిన్న ప్రోగ్రామ్ లెక్క ఒకటి పెంచుతుంది. 'ఆరు అయిందా?' అని చూసుకుంటుంది. అయితే పేరు చేర్చే బటన్‌ను దాచేస్తుంది. వినడానికి రెండు లైన్ల పని. కానీ తప్పులు దొర్లేది కూడా ఇక్కడే.

మొదటి తప్పు హద్దు దగ్గర. 'ఆరు కంటే ఎక్కువైతే దాచు' అని రాస్తే, ఆరో పేరు పడ్డాక కూడా బటన్ అలాగే ఉంటుంది. ఏడో మనిషి కూడా లోపలికి వచ్చేస్తాడు. 'ఆరు, లేదా అంతకంటే ఎక్కువైతే' అని రాయాలి. రెండోది ఇంకా విచిత్రం. పేజీలో మనం టైప్ చేసే అంకెను జావాస్క్రిప్ట్ ముందుగా అక్షరాలుగానే తీసుకుంటుంది. అక్షరాల లెక్కలో 10 కంటే 9 పెద్దది! డిక్షనరీలో మాటలు పేర్చినట్టు మొదటి అక్షరాన్నే ముందు పోలుస్తుంది కాబట్టి, 1 కంటే 9 పెద్దదని తేల్చేస్తుంది. రెండు వైపులా అక్షరాలే ఉంటే పరిమితి 9 అయినా 10 హాయిగా దాటిపోతుంది. పోల్చే ముందు దాన్ని అంకెగా మార్చుకుంటే ఈ గొడవ ఉండదు. ఇక మూడోది.. ఒక పేరు తీసేశాక బటన్ తిరిగి రావాలి కదా? దాచడం రాసి, చూపించడం రాయడం మర్చిపోయేవాళ్లు బోలెడంత మంది.

దాచే పద్ధతిలోనూ తేడాలున్నాయి. పూర్తిగా తీసేస్తే పేజీలో దాని చోటు కూడా ఉండదు. కనిపించకుండా చేసి చోటు ఖాళీగా వదిలేయడం మరో పద్ధతి. పూర్తి పారదర్శకం చేస్తే మాత్రం కంటికి ఆనదు గానీ, అక్కడ వేలు పడితే క్లిక్ అవుతుంది! అన్నిటికంటే యూజర్‌కు మేలు చేసేది బటన్‌ను బూడిద రంగులో పనిచేయకుండా ఉంచి, పక్కనే 'ఆరుగురికే అవకాశం' అని ఒక ముక్క రాయడం. చెప్పాపెట్టకుండా మాయమైతే కారణం తెలియక జనం పదిసార్లు రిఫ్రెష్ కొడతారు. స్క్రీన్ రీడర్ సాయంతో ఫోన్ వాడే అంధులకైతే అక్కడ బటన్ ఉండేదన్న సంగతే తెలియదు.

ఇప్పుడు అసలు విషయం. బటన్ దాచినంత మాత్రాన తలుపుకు తాళం వేసినట్టు కాదు. సినిమా హాల్ బయట హౌస్‌ఫుల్ బోర్డు లాంటిది అది. సీట్లు ఉన్నాయో లేవో తెలిసేది బుకింగ్ కౌంటర్‌లోనే. ఇక్కడ కౌంటర్ అంటే సర్వర్. ఫోన్‌లో ఉన్న పేజీ మనం ఓపెన్ చేసిన క్షణం నాటి ఫొటో మాత్రమే. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒకే ఒక్క బెర్త్ మిగిలిందనుకుందాం. హైదరాబాద్‌లో ఒకరు, విశాఖలో ఒకరు ఒకేసారి చూస్తే ఇద్దరికీ బటన్ కనిపిస్తుంది. ఇద్దరూ నొక్కుతారు. అప్పుడు సర్వర్ ఒకరి పని పూర్తయ్యే దాకా రెండో వారిని ఆపి, లెక్క మళ్లీ చూసి, ఒక్కరికే బెర్త్ ఇవ్వాలి. ఆ పరీక్ష లేకపోతే ఒకే బెర్త్ ఇద్దరికి వెళ్తుంది.

'ఈ ట్రిక్‌తో దాచిన బటన్ మళ్లీ వస్తుంది' అంటూ తిరిగే వీడియోలను నమ్మకూడదనేది కూడా ఇందుకే. బ్రౌజర్‌లో కోడ్ మార్చి బటన్‌ను నిజంగానే తెప్పించవచ్చు. అది మన స్క్రీన్ మీద బొమ్మే. సర్వర్ సరిగ్గా ఉంటే రిక్వెస్ట్‌ను తిప్పి పంపేస్తుంది. ఆ పేరుతో ఇచ్చే సాఫ్ట్‌వేర్లలో ఐడీ, పాస్‌వర్డ్ కొడితే పోయేది మన ఖాతానే. అనుమతి లేకుండా టికెట్ల వ్యాపారం చేస్తే రైల్వే చట్టం సెక్షన్ 143 కింద మూడేళ్ల వరకు జైలు, లేదా రూ.10 వేల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఆన్‌లైన్ టికెట్లకూ ఈ సెక్షన్ వర్తిస్తుందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మరి బటన్ ఉన్నప్పుడే నొక్కి, డబ్బులు కట్ అయ్యాక టికెట్ రాకపోతే? కంగారులో వెంటనే రెండోసారి కట్టేయకుండా ముందు బుకింగ్ హిస్టరీ చూడాలి. టికెట్ పడకపోతే డబ్బు తిరిగి రావాలి. యూపీఐలో ఖాతా నుంచి కట్ అయి, వ్యాపారి వైపు కన్ఫర్మేషన్ చేరకపోతే ఐదు రోజుల్లోగా దానంతట అదే వెనక్కి రావాలని, ఆలస్యమైతే రోజుకు రూ.100 పరిహారం ఇవ్వాలని ఆర్‌బీఐ 2019లోనే రూల్ పెట్టింది. లావాదేవీ నంబర్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే బ్యాంకులో ఫిర్యాదు చేయడం తేలిక.

'రిగ్రెట్' కనిపించిన రైలు ఎప్పటికీ అలాగే ఉండిపోతుందనీ కాదు. టికెట్లు క్యాన్సిల్ అయి లిస్ట్ పరిమితి కిందికి దిగితే బుకింగ్ మళ్లీ తెరుచుకునే వీలుంది. అప్పుడు పాత పేజీనే పట్టుకుని కూర్చుంటే లాభం లేదు, కొత్తగా వెతకాల్సిందే.