'ఎం' చిత్రం - చర్చ యొక్క ఆవశ్యకత

చలనచిత్రాన్ని వినోద సాధనంగా భావించేవారే మనలో అధికం. దానిని గ్రంథంవలె శ్రద్ధగా పరిశీలించి, నలుగురూ కూర్చుండి మంచిచెడ్డలు విచారించుకొనడానికి ఏర్పడినవి ఫిలిం సొసైటీలు. లండన్‌లో 1925లోనే ఇట్టి సంఘం వెలసింది. మన దేశంలో 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా ప్రభృతులు కలకత్తా ఫిలిం సొసైటీని స్థాపించారు. 1959లో ఇటువంటి సంఘాలకు ఒక సమాఖ్య ఏర్పడింది. వీటి పద్ధతి మిక్కిలి సరళమైనది. మొదట చిత్రాన్ని గురించి క్లుప్త పరిచయం, తరువాత ప్రదర్శన, చివర చర్చ. ఈ మూడింటిలో చర్చయే ప్రాణం. అది ఎట్లాగో ఒక ప్రసిద్ధ నేరకథా చిత్రాన్ని ఉదాహరణగా తీసుకొని వివరింపదలచాము.

మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' విడుదలైన 1931లోనే జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ 'ఎం' అనే చిత్రాన్ని తీశారు. ఆయనకు అది తొలి శబ్దచిత్రం. ఒక మహానగరంలో ఎవడో పసిపిల్లలను హతమారుస్తుంటాడు. హత్యను దర్శకుడు తెరపై చూపడు. తల్లి వడ్డించి ఉంచిన ఖాళీ పళ్ళెం, గడ్డిలో దొర్లి ఆగిన బంతి, తీగలకు చిక్కుకొన్న బెలూన్ మనకు ఆ ఘోరాన్ని తెలుపుతాయి. ఊరంతా భయం ఆవరిస్తుంది. ఒక బాలికకు గంట ఎంతయిందో చెప్పిన పాపానికి, ఏ పాపమెరుగని వృద్ధుణ్ణి జనం చుట్టుముడతారు.

పోలీసుల సోదాలవల్ల తమ వృత్తి సాగక దొంగలు సైతం హంతకుణ్ణి వెదకసాగుతారు. అతడు ఈలవేసే రాగాన్ని బట్టి గుర్తించేవాడు బెలూన్లు అమ్ముకొనే ఒక అంధుడు. వేరొకడు అరచేతిపై సుద్దతో 'ఎం' అని వ్రాసుకొని అతని భుజంపై ముద్ర వేస్తాడు. జర్మన్ భాషలో 'హంతకుడు' అనే పదానికి అది మొదటి అక్షరం. దొంగలు అతణ్ణి పట్టుకొని పాడుపడిన సారా కర్మాగారంలో విచారణ జరుపుతారు. అక్కడ న్యాయాధిపతిగా కూర్చున్నవాడు మూడు హత్యల నిమిత్తం పోలీసులు గాలిస్తున్న నేరస్థుడు!

ఈ ఘట్టంపై చర్చలో ప్రేక్షకులు రెండు పక్షాలుగా చీలిపోవడం సహజం. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లుల దుఃఖాన్ని తలచి, అతణ్ణి అక్కడే చంపవలసిందని కొందరు అంటారు. ఎంతటి దోషినైనా చట్టానికే అప్పగించాలని మరికొందరు వాదిస్తారు. అధ్యక్షత వహించేవారు ఎవరి పక్షమూ వహింపక, “ఏ దృశ్యాన్నిబట్టి ఈ మాట అంటున్నారు?” అని ప్రశ్నించాలి. అప్పుడు ఆ వృద్ధుణ్ణి చుట్టుముట్టిన గుంపు అందరికీ గుర్తుకు వస్తుంది. ఆ గుంపు కోపమూ నిజమైనదే. అది ఎంచుకొన్న మనిషి మాత్రం నిర్దోషి. కోపం ఎంత న్యాయమైనదైనా సాక్ష్యానికి బదులు కాజాలదని అప్పుడు బోధపడుతుంది.

చిత్రం తరువాతి చరిత్ర కూడా గమనింపదగినది. హంతకుని పాత్ర ధరించిన పీటర్ లోరే యూదుడు. నాజీలు అధికారానికి వచ్చిన 1933లోనే ఆయనా, లాంగ్ కూడా జర్మనీని విడిచారు. 1934లో చిత్రం నిషేధానికి గురయింది. కాని 1940లో యూదులపై ద్వేషాన్ని రగిలించడానికి తీసిన ప్రచార చిత్రంలో, లోరే నటించిన నేరాంగీకార దృశ్యాన్ని నాజీలే కత్తిరించి చేర్చారు. నటుడు పాత్రగా పలికిన మాటలు ఒక జాతిని నిందించడానికి సాధనమయ్యాయి. నిషేధించిన చిత్రంలోనుండే ఒక ముక్కను వాడుకొన్నారు. పూర్తి చిత్రాన్ని చూపి ఉంటే ఆ నింద నిలిచేది కాదు.

నేడు అరనిమిషపు దృశ్యాలు చేతిలోని ఫోనుకే వచ్చి చేరుతున్నాయి. వాటిని చూచి మనుషులను, మతాలను, ఊళ్ళను గురించి తీర్పులు చెప్పేవారికి కొదవ లేదు. ఆది నుండి అంతం వరకు చూడడం, చూచినదాన్ని గురించి ఎదుటివాని మాట వినడం అనే రెండు అలవాట్లను ఫిలిం సొసైటీ నేర్పుతుంది. కావున కళాశాలలో చిత్రప్రదర్శన ఏర్పాటు చేసే కమిటీవారు చర్చకు కనీసం అరగంట కేటాయించాలనీ, దీపాలు వెలిగిన వెంటనే విద్యార్థులు లేచిపోరాదనీ మా విన్నపం.