సున్నా దేనికి గుణిజం?

ఒంటిమిట్ట కోదండరామాలయ రంగమండపానికి 32 స్తంభాలు. వాటిని కాగితం మీద చుక్కలుగా పెట్టి, సమాన వరుసలు కట్టి చూడండి. నాలుగు వరుసలైతే వరుసకు ఎనిమిది, లెక్క సరి. మూడు వరుసలు కట్టబోతే రెండు చుక్కలు మిగిలిపోతాయి. అందుకే 4, 8 రెండూ 32కు కారణాంకాలు, 3 కాదు. 1, 2, 16, 32 కూడా కారణాంకాలే.

పూర్ణసంఖ్యలన్నాక రుణసంఖ్యలనూ వదలకూడదు: (-4)×(-8) కూడా 32 కదా!

మరి సున్నా? 32ను 0తో గుణిస్తే 0. కాబట్టి 64, -32 లాగే సున్నా కూడా 32కు గుణిజమే. నిజానికి ప్రతి పూర్ణసంఖ్యకూ గుణిజమే. తిరగేస్తే మాత్రం కుదరదు. సున్నాను దేనితో గుణించినా 32 రాదు, అందుకే అది 32కు కారణాంకం కాలేదు.

సున్నా కారణాంకాలు రాయబోతే నోటుపుస్తకం చాలదు: సున్నా కాని ప్రతి పూర్ణసంఖ్యా దాన్ని శేషం లేకుండా భాగిస్తుంది.