కత్తి దించి కితకితలు పెట్టబోయిన ఆర్జెంటో!

నల్ల తోలు గ్లౌజులు తొడిగిన చెయ్యి... ఆ చేతిలో తళుక్కుమనే కత్తి... ఆ వెంటనే ఓ కెవ్వు కేక! డారియో ఆర్జెంటో అనగానే సినీ ప్రియులకు గుర్తొచ్చేది ఇదే. అలాంటి పెద్దమనిషి ఒకసారి కత్తి పక్కన పడేసి, జనాన్ని నవ్విస్తానని బయల్దేరాడంటే నమ్ముతారా? నమ్మాలి మరి! 1973 డిసెంబరులో ఇటలీలో విడుదలైన 'లె చింక్వే జొర్నాతె' (అయిదు రోజులు) కథాకమామీషు అదే.

1940లో రోమ్‌లో పుట్టిన ఆర్జెంటో తండ్రి సాల్వతోరె నిర్మాత. కుర్రవాడు మాత్రం మొదట 'పయేజె సెరా' దినపత్రికలో సినిమా విమర్శలు రాశాడు. (చిత్రాల్ని చీల్చి చెండాడే విమర్శకుడు చివరికి పాత్రల్ని చీల్చి చెండాడే దర్శకుడయ్యాడన్నమాట!) 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' (1968) కథలో బెర్తొలూచ్చితో పాటు ఇతని చెయ్యి కూడా వుంది. తర్వాత 1970, 71 సంవత్సరాల్లో వరసగా మూడు హత్యా చిత్రాలు తీశాడు. ఒకదాని పేరులో పిట్ట, రెండోదాన్లో పిల్లి, మూడోదాన్లో ఈగలు! మూడింటితోనే ఇటలీ అంతా పేరు మోగిపోయింది. మంత్రగత్తెల 'సస్పీరియా' రావడానికి ఇంకా చాలా కాలం వుంది, అది 1977 నాటి మాట.

పేరొచ్చిన దారిలోనే నడిస్తే గొడవే లేదు. కానీ కళాకారుడి బుర్ర వూరుకోదే! నిజానికి 'అయిదు రోజులు' చిత్రానికి తాను రచన, నిర్మాణం చూసుకుని, దర్శకత్వం మరొకరికి అప్పగిద్దామనుకున్నాడు. అది కుదరక తనే మెగాఫోను పట్టాడు.

ఏమిటా అయిదు రోజులు? 1848 నాటికి మిలాన్ నగరం ఆస్ట్రియా ఏలుబడిలో వుంది. ఖజానాకు పన్ను పోకూడదని ఆ జనవరిలో నగరవాసులు ఏకంగా చుట్టలు కాల్చడం మానేశారు! మార్చి 18న వీధి వీధినా బల్లలూ బళ్లూ అడ్డం పడ్డాయి. ముసలి సేనాని రాడెట్‌స్కీ సైన్యంతో జనం తలపడ్డారు. 22 రాత్రి అతను నగరం వదిలి తప్పుకున్నాడు. ఇటలీ వాళ్లు గర్వంగా చెప్పుకునే ఘట్టమిది. ఆగస్టులో అదే రాడెట్‌స్కీ తిరిగొచ్చి కూర్చున్నాడనుకోండి, అది వేరే సంగతి.

ఇంత పవిత్రమైన చరిత్రలోకి ఆర్జెంటో ఎవర్ని దింపాడో తెలుసా? ఒక దొంగని! కైనాజ్జో జైల్లో వుంటాడు. ఫిరంగి గుండు తగిలి గోడ కూలితే బయట పడతాడు. వీడికి స్వాతంత్ర్యమూ పట్టదు, ఆస్ట్రియా పట్టదు. పాత జతగాడు జంపీనో ఎక్కడున్నాడా అని వెతుకుతూ పోతాడు. దారిలో రొమోలో అనే అమాయకుడు తోడవుతాడు. రోమ్ నుంచి పొట్టకూటికి వచ్చిన రొట్టెల పనివాడు. ఇద్దరికీ రాజకీయం తెలీదు, కానీ పోరాటం వాళ్లని వదిలిపెట్టదు. నొప్పులు పడుతున్న గర్భిణికి పురుడు పోయాల్సి వస్తుంది. వీధి పోరాటాన్ని వేడుకలా చూసే ఒక కౌంటెస్ (మరీలూ తోలో) చేతికి చిక్కుతారు. తీరా చూస్తే ఆ జంపీనో ఉద్యమంలో పెద్ద నాయకుడై కూర్చున్నాడు, లోపల్లోపల శత్రువులతో బేరాలు!

మొదటి సగంలో మూకీల కాలం నాటి పరుగులు, పడిపోవడాలు, వేగం పెంచి తిప్పిన దృశ్యాలు వున్నాయి. కొన్ని పేలాయి, కొన్ని తుస్సుమన్నాయి. నవ్వించడంలో ఆర్జెంటో చెయ్యి అంత తేలిక కాదని ఒప్పుకోవాలి. కాని సినిమా నడిచే కొద్దీ నవ్వు గొంతులో అడ్డం పడుతుంది. పోరాటవీరుణ్నని తిరిగే ఒక బారన్ ఓ ఆడపిల్లపై అఘాయిత్యం చెయ్యబోతే రొమోలో అడ్డుపడి వాణ్ని చంపేస్తాడు. ఫలితం? ఆస్ట్రియా వాళ్లు కాదు, సొంతవాళ్లే ఆ రొట్టెల పనివాణ్ని గోడకి నిలబెట్టి కాల్చేస్తారు! చివర్లో విజయోత్సవ వేదిక మీద మాట్లాడమని కైనాజ్జోని నిలబెడితే, వాడు అరిచేది ఒకటే - మనల్ని మోసం చేశారని!

ఈ అరుపు 1848 నాటిది మాత్రమే కాదు. అదే మిలాన్‌లో 1969 డిసెంబరు 12న పియాజ్జా ఫొంతానా బ్యాంకులో బాంబు పేలి 17 మంది బలయ్యారు. తర్వాత ఇటలీ వీధులు చల్లబడింది లేదు. ఆర్జెంటోతో కలిసి స్క్రీన్‌ప్లే రాసిన కవి నాన్ని బలెస్త్రీని, 1971లో ఫియట్ కార్మికుల మీద నవల రాసిన మనిషి. ఇంక సంభాషణలు ఎటు గురిపెట్టి వుంటాయో వేరే చెప్పాలా?

కైనాజ్జోగా వేసింది అద్రియానో చెలెంతానో. 'అజ్జూర్రో' పాటతో కుర్రకారుని ఊపేసిన గాయకుడు. మిలాన్‌లోనే పుట్టి పెరిగాడు కనక ఆ వీధులూ ఆ యాసా అతని సొత్తు. చిత్రమేమంటే ఇతన్ని తొలిరోజుల్లో తెరకెక్కించింది కూడా మరో భయానక బ్రహ్మే! 1979లో 'జాంబీ 2' తీసి జనాన్ని హడలగొట్టిన లూచియో ఫుల్చి, 1959లో తన పాటల సినిమాలో చెలెంతానోని చూపించాడు. అసలు ఫుల్చి కెరీర్ మొదలైందే హాస్య చిత్రాలతో. అతను నవ్వుల నుంచి నెత్తుటికి వచ్చాడు, ఆర్జెంటో నెత్తుటి నుంచి నవ్వులకి వెళ్లబోయాడు. రొమోలోగా వేసిన ఎంజో చెరూజికో కళ్లు మాత్రం సినిమా అయ్యాక కూడా వెంటాడతాయి. నా ఓటు అతనికే.

ఇంత వుండీ చిత్రం ఆశించినట్టు ఆడలేదు. హంతకుడెవరా అని కుర్చీ అంచున కూర్చోవడానికి వచ్చినవాళ్లకి ఇక్కడ హంతకుడు లేడు. హాయిగా నవ్వుకుందామని వచ్చినవాళ్లకి చివరి రీళ్లలో శవాలు. ఇటలీ దాటి బయట చూసినవాళ్లూ తక్కువే.

ఆర్జెంటో రెండో ఆలోచన పెట్టుకోలేదు. ఇదే ఛాయాగ్రాహకుడు లుయీజి కువైల్లెర్‌ని, ఇదే సంగీతదర్శకుడు జొర్జో గస్లీనీని వెంటబెట్టుకుని, కొత్తగా 'గాబ్లిన్' అనే రాక్ బృందాన్ని చేర్చుకుని, 1975లో 'ప్రొఫొందో రొస్సో' విడుదల చేశాడు. అందులో మళ్లీ నల్ల గ్లౌజుల చెయ్యి ప్రత్యక్షం! ఆ గ్లౌజుల్లో వున్న చేతులు చాలాసార్లు తనవేనని ఆర్జెంటోయే తర్వాత చెప్పుకున్నాడు.