మూడు వోల్టుల జ్ఞాపకం

నింటెండో వీడియో గేమ్ యంత్రం సూపర్ ఫామికామ్‌లో పెట్టే క్యాసెట్‌ని బిగించిన మరలు రెండే. మామూలు స్క్రూడ్రైవర్‌కి లొంగవు, వాటి తలకి సరిపోయే ప్రత్యేకమైన బిట్ కావాలి. అది దొరికిందంటే ప్లాస్టిక్ డొప్ప రెండుగా విడిపోతుంది. లోపల అరచేతిలో ఇమిడే బోర్డు, దాని మీద కొన్ని నల్లటి చిప్‌లు, ఓ పక్కగా రూపాయి బిళ్లంత బ్యాటరీ. 1995 మార్చి 11న జపాన్‌లో విడుదలైన 'క్రోనో ట్రిగ్గర్' విప్పినా, అంతకు ముందు ఏడాది వచ్చిన 'ఫైనల్ ఫాంటసీ 6' విప్పినా కనిపించేది ఇదే.

ఆ చిన్న బోర్డు మీద రెండు జ్ఞాపకాలు పక్కపక్కనే కాపురం ఉంటాయి. ఒకటి మాస్క్ రోమ్. కథ, బొమ్మలు, సంగీతం, ఊళ్లు, రాక్షసులు అన్నీ ఫ్యాక్టరీలోనే సిలికాన్‌లో అచ్చై వచ్చేస్తాయి. అది శిలాశాసనం లాంటిది. కరెంటు ఉన్నా లేకపోయినా అక్షరం చెరగదు. క్రోనో ట్రిగ్గర్‌లో దాని పరిమాణం 4 మెగాబైట్లు. రెండోది ఎస్‌ర్యామ్, కేవలం 8 కిలోబైట్లు. అంటే మొదటిదానిలో 512వ వంతు. ఆడుతున్న పిల్లవాడి పేరు, వాడు ఎంతదూరం వచ్చాడు, సంచిలో ఏమేం ఉన్నాయి, ఎవరెవరిని కాపాడాడు అన్నది ఉండేది ఇందులోనే. ఇది పలక మీద బలపం రాత. ఆ రాత చెరిగిపోకుండా ఏళ్ల తరబడి పట్టుకుని ఉన్నది ఆ బిళ్ల బ్యాటరీ.

ఈ వ్యాసం ఆ బ్యాటరీ గురించే. పాత జపాన్ ఆటల గురించి మాట్లాడేవాళ్లు కథలనీ, బొమ్మలనీ, పాటలనీ తలుచుకుంటారు. నిజమే, అవి గొప్పవి. కానీ ఆటగాడు నిన్న ఆపిన చోటునుంచి ఇవాళ మళ్లీ మొదలుపెట్టగలగడం అనే ఒక్క సౌకర్యం లేకపోతే ఆ కథలు అంత పొడవు సాగేవే కావు.

సూపర్ ఫామికామ్‌కి ముందు తరం యంత్రం, నింటెండో ఫామికామ్, 1983 జులై 15న, 14,800 యెన్‌ల ధరకి మార్కెట్లోకి వచ్చింది. దాన్ని రూపొందించిన బృందానికి పెద్ద మసయుకి ఉఎమురా. ఆ యంత్రంలో పని చేసుకోవడానికి ఉన్న జ్ఞాపకం 2 కిలోబైట్లు. పవర్ ఆపగానే అదీ పోతుంది. అప్పటి ఆటలకి దానితో ఇబ్బంది లేదు. పావుగంట గెంతి, గెలిచో ఓడో లేచి వెళ్లిపోవడమే.

అదే కాలంలో యూజి హోరీ, కోఇచి నకమురా అనే ఇద్దరు యువకులు అమెరికాలో ఆపిల్ కంప్యూటర్ మీద 'విజార్డ్రీ' అనే ఆట చూశారు. ఒక మనిషిని తయారుచేసుకోవడం, వాడు అనుభవంతో కొద్దికొద్దిగా బలపడటం, ఆ ఎదుగుదల చూస్తూ రోజుల తరబడి ఆడటం. కంప్యూటర్‌కి ఫ్లాపీ ఉంటుంది కాబట్టి అన్నీ అందులో దాచుకోవచ్చు. మరి ఫామికామ్‌కి? రాసుకోవడానికి చోటే లేదు.

వాళ్లు 'డ్రాగన్ క్వెస్ట్' చేసి 1986 మే 27న విడుదల చేశారు. బొమ్మలు అకిరా తోరియామా, సంగీతం కోఇచి సుగియామా. ఆట మొత్తం 64 కిలోబైట్లు. ఎంత ఇరుకు అంటే, కతకానా లిపిలోంచి 20 అక్షరాలకే చోటు దొరికింది. కతకానాలో కనిపించే ప్రతి పేరూ ఆ ఇరవైలోనే ఇమడాలి. మన వర్ణమాలలోంచి ఇరవై అక్షరాలు ఏరుకుని, వాటితోనే రాక్షసులందరికీ నామకరణం చేయమంటే ఎంత కష్టమో ఆలోచించండి. 'స్లైమ్' అనే ఆ నీటిబొట్టు లాంటి నీలి ప్రాణి పేరు ఆ ఇరవైలో ఇమిడిందే.

ఆట ఆపి మళ్లీ కొనసాగించడానికి వాళ్లు వేసిన ఎత్తు నాకు ఇప్పటికీ ముచ్చటగా అనిపిస్తుంది. యంత్రానికి జ్ఞాపకం లేదు కదా, ఆటగాడి నోటుపుస్తకాన్నే జ్ఞాపకంగా వాడుకున్నారు. ఆపాలనుకున్నప్పుడు రాజుగారి దగ్గరికి వెళ్తే ఆయన ఒక 'పునర్జీవన మంత్రం' చెప్తాడు. హిరగానా లిపిలో 20 అక్షరాలు. దాన్ని రాసుకుని మర్నాడు అప్పజెప్తే ఆట మళ్లీ అక్కడినుంచే మొదలవుతుంది. మంత్రం తెరమీద 5, 7, 5, 3 అక్షరాల పాదాలుగా కనిపించేది. మొదటి మూడు పాదాలూ హైకూ కొలతే.

లోపల జరిగేది శుద్ధమైన గణితం. మంత్రంలో వాడిన అక్షరాలు 64. అరవై నాలుగింటిలో ఒకదాన్ని ఎంచుకోవడమంటే సరిగ్గా 6 బిట్ల సమాచారం. ఇరవై అక్షరాలకి 120 బిట్లు, అంటే 15 బైట్లు. కథానాయకుడి పేరు, అనుభవం, బంగారం, కత్తి, డాలు, తాళంచెవులు, అన్నీ ఆ పదిహేను బైట్లలో సర్దేశారు. అందులోనే 8 బిట్లు తప్పొప్పులు చూసుకోవడానికి. ఒక్క అక్షరం తేడా పడినా లెక్క కుదరదు, మంత్రం తప్పని యంత్రం చెప్పేస్తుంది.

ఇరవై అక్షరాలు ఎలాగోలా రాసుకోవచ్చు. 1987 జనవరి 26న రెండో భాగం వచ్చింది. ఇందులో నాయకులు ముగ్గురు, సామాను మూడింతలు. మంత్రం 52 అక్షరాల దాకా పెరిగింది. ఇక చూడండి పిల్లల బాధ. హిరగానాలో 'ను', 'మె' చూడటానికి ఒకేలా ఉంటాయి. 'బ'కి రెండు చిన్న గీతలు, 'ప'కి ఒక చిన్న సున్నా, అంతే తేడా. యాంటెన్నా తీగలోంచి వచ్చే మసక బొమ్మలో ఆ గీతలేవో సున్నా ఏదో ఎవరికి తెలుస్తుంది? మనకి 'ద', 'ధ'ల మధ్య ఉన్న తేడా లాంటిది, అదీ చుక్కలు పడే తెర మీద. రాత్రి నిద్రమత్తులో ఒక్క అక్షరం తప్పు రాసుకుంటే మర్నాడు నెల రోజుల కష్టం గల్లంతు. ఆ తరం జపాన్ వాళ్లకి ఇప్పటికీ మానని గాయం ఇది.

వేరే దారులూ వెతికారు. 1986 ఫిబ్రవరి 21న నింటెండో ఫామికామ్‌కి ఒక డిస్క్ డ్రైవ్ తెచ్చింది. దానితోపాటే వచ్చిన 'జెల్డా' ఆటలో ప్రగతి డిస్క్ మీదే రాసుకునేది. కానీ ఆ డ్రైవ్‌ని తిప్పేది ఒక రబ్బరు బెల్టు. ఏళ్లు గడిచేకొద్దీ అది సాగి, మెత్తబడి తెగిపోతుంది. పాత డ్రైవ్ కొన్నవాళ్లు ముందుగా మార్చుకునేది ఆ బెల్టే.

నిలిచిన దారి బ్యాటరీ. క్యాసెట్‌లోనే ఒక ఎస్‌ర్యామ్ చిప్, దానికి ఒక లిథియం బిళ్ల. హిరోనోబు సకగుచి రూపొందించిన మొదటి 'ఫైనల్ ఫాంటసీ' 1987 డిసెంబర్ 18న ఈ పద్ధతితోనే వచ్చింది. 1988 ఫిబ్రవరి 10న వచ్చిన 'డ్రాగన్ క్వెస్ట్ 3' మంత్రాన్ని పూర్తిగా వదిలేసి 'సాహస గ్రంథం' ఇచ్చింది. మూడు ఖాళీ పుటలు, ఒక్కో పుటకి ఒక ఆటగాడు. అన్నకొకటి, చెల్లికొకటి, మూడోది నాన్నకి. ఆ బుధవారం దుకాణాల ముందు బారులు తీరిన జనంలో బడి ఎగ్గొట్టిన పిల్లలుంటే పోలీసులు పట్టుకుని మందలించారు.

ఎస్‌ర్యామ్‌లో ఒక్కో బిట్టూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డ రెండు మీటల జంట. మొదటిది పైకి ఉందంటే రెండోదాన్ని కింద నొక్కి ఉంచుతుంది. రెండోది కింద ఉండబట్టే మొదటిది పైన నిలుస్తుంది. ఎవరో వచ్చి బలంగా తారుమారు చేస్తే తప్ప మారవు. ఊరికే నిలబడి ఉండటానికి వాటికి కావలసిన కరెంటు చాలా తక్కువ, ఆంపియర్‌లో పది లక్షలవ వంతు ఉంటే చాలు. ఆటలో ఉన్నప్పుడు యంత్రం 5 వోల్టులు ఇస్తుంది. ఆపగానే 3 వోల్టుల బిళ్ల అందుకుంటుంది. వోల్టేజి 2కి తగ్గేదాకా చాలా చిప్‌లు పట్టు వదలవు.

కష్టమంతా ఆ చేతులు మారే క్షణంలోనే. పవర్ ఆపినప్పుడు 5 వోల్టులు ఒక్కసారిగా సున్నా కావు, జారుతూ దిగుతాయి. ఆ జారుడులో ప్రాసెసర్ పూర్తిగా ఆగదు, సరిగ్గానూ నడవదు. మగతలో ఉన్న మనిషి కలం పట్టుకున్నట్టు ఎస్‌ర్యామ్‌లో పిచ్చిగీతలు గీసేయవచ్చు. అందుకే రీసెట్ మీట నొక్కి పట్టుకుని అప్పుడు పవర్ ఆపమని ఆటే చెప్పేది. రీసెట్ నొక్కి ఉంటే ప్రాసెసర్ చేతులు కట్టుకుని కూర్చుంటుంది. మరిచిపోయినవాళ్లకి మర్నాడు ఒక భయంకరమైన రాగం వినిపించేది. మీ సాహస గ్రంథం మాయమైపోయిందని ఆ వెంటే తెరమీద అక్షరాలు. నలభై, యాభై ఏళ్ల జపాన్ వాళ్ల ముందు ఆ రాగం తీసి చూడండి, ముఖంలో రంగు మారుతుంది.

1990 నవంబర్ 21న వచ్చిన సూపర్ ఫామికామ్ ఈ గండాన్ని చాలావరకు గట్టెక్కించింది. క్యాసెట్‌లోనే ఒక చిన్న కాపలా చిప్ పెట్టారు. వోల్టేజి తగ్గడం మొదలైందో లేదో అది ఎస్‌ర్యామ్ తలుపు మూసేస్తుంది. ఇక అక్కడినుంచి ఐదారేళ్లు ఈ ఆటల పంట పండింది. ఆట దాచుకోవడం కూడా కథలో కలిసిపోయింది. డ్రాగన్ క్వెస్ట్‌లో రాజు పోయి చర్చి వచ్చింది. షిగెసతో ఇతోయి 1994లో రాసిన 'మదర్ 2'లో ఆట దాచాలంటే ఫోన్ చేసి నాన్నతో మాట్లాడాలి. చాలాసేపు ఆడితే నాన్నే ఫోన్ చేసి, కాసేపు విశ్రాంతి తీసుకోమంటాడు. ఆ నాన్న ఆటలో ఒక్కసారి కూడా కనిపించడు.

మన దగ్గర ఈ ఆటలు ఎందుకు తెలియవు అన్నదానికి కొంత జవాబు ఈ బ్యాటరీలోనే ఉంది. 1990లలో మన ఊళ్లలో టీవీకి తగిలించి ఆడిన వీడియో గేమ్ పెట్టెలు చాలావరకు ఫామికామ్ నకళ్లే. వాటిలో పెట్టే ఆటలని మనం క్యాసెట్లు అన్నాం. జపాన్ పిల్లలూ 'కసెట్టో' అనే అన్నారు, ఇంగ్లీషు వాళ్లు మాత్రం కార్ట్రిడ్జ్ అన్నారు. పేరు కలిసింది గానీ లోపలి సరుకు కలవలేదు. వందల ఆటలున్నాయని అచ్చేసిన ఆ చవక క్యాసెట్లలో బ్యాటరీ ఉండేది కాదు. మారియో, కాంట్రా వంటి ఆటలకి దాని అవసరం లేదు. యాభై గంటల కథకి మాత్రం ఉంది. పైగా ఆ కథలున్నది జపాన్ భాషలో.

బిళ్ల మీద సీఆర్2032 అని ఉంటుంది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం అని దాని అర్థం. సామర్థ్యం సుమారు 220 మిల్లీఆంపియర్ గంటలు. చిప్ ఒక మైక్రోఆంపియర్ తాగుతుందనుకుంటే 2,20,000 గంటలు వస్తుంది. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి దాదాపు పాతికేళ్లు. 1995లో కొన్న క్యాసెట్‌కి ఆ గడువు 2020తో తీరిపోయింది. వేడి తగలని చోట, తక్కువ తాగే చిప్ ఉన్నచోట ఇంకా బతికున్నవి చాలానే ఉన్నాయి.

ఇక్కడ మనసుకి తగిలే సంగతి ఒకటుంది. ఆడుతున్నంతసేపూ ఎస్‌ర్యామ్‌కి కరెంటు యంత్రంనుంచే వస్తుంది, బ్యాటరీ విశ్రాంతి తీసుకుంటుంది. అది కరిగేది అటక మీద పెట్టెలో ఎవరూ ముట్టుకోకుండా ఉన్నప్పుడు. ఆడినందువల్ల కాదు, మరిచిపోయినందువల్లే తరుగుతుంది.

బ్యాటరీల కాలం ముగిసింది కూడా జపాన్‌లోనే. తోషిబాలో ఫుజియో మసుఓకా కనిపెట్టిన ఫ్లాష్ మెమరీ 1984లో లోకానికి తెలిసింది. కరెంటు లేకుండానే గుర్తుంచుకునే మెమరీ అది. 1994 డిసెంబర్‌లో వచ్చిన ప్లేస్టేషన్ మెమరీ కార్డుకి బిళ్ల అక్కర్లేకపోయింది. నింటెండో 2003లో సూపర్ ఫామికామ్ తయారీ ఆపింది. 2007లో మరమ్మతులు కూడా మానేసింది, విడిభాగాలు దొరకడం లేదని.

క్రోనో ట్రిగ్గర్ ఇప్పుడు ఫోన్‌లో దొరుకుతుంది. డ్రాగన్ క్వెస్ట్ 3ని 2024లో కొత్త బొమ్మలతో మళ్లీ చేశారు. అయినా కొందరు పాత పెట్టెనీ, లావుపాటి టీవీనీ వెతికి తెచ్చుకుంటారు. వాళ్ల పట్టుదల నాకు అర్థమవుతుంది. ఎక్కడ పడితే అక్కడ దాచుకోగలిగిన ఆటలో చీకటి గుహ ఉత్త బొమ్మ. చర్చి దాకా నడిచి వెళ్తే తప్ప ఏదీ నిలవని ఆటలో, నెత్తురోడుతూ వెనక్కి వేసే ఒక్కో అడుగుకీ బరువుంటుంది. ఊరి దీపాలు కనిపించగానే గుండె కుదుటపడుతుంది. ఆ భయాన్నీ ఈ ఊరటనీ కథకుల కలంతోపాటు ఆ 8 కిలోబైట్ల పేదరికమూ రాసింది.

టోక్యోలోని అకిహబారా దుకాణాల్లో పాత క్యాసెట్లు గుట్టలుగా ఉంటాయి. చాలావాటి వెనక మార్కర్‌తో ఎవరో పిల్లవాడి పేరు రాసి ఉంటుంది, బడిలో స్నేహితుడికి ఇస్తే తిరిగి రావాలని. అలా పేర్లున్న క్యాసెట్లనే సేకరించి, సొంతదారులని వెతికి తిరిగి ఇచ్చేవాళ్లు కూడా జపాన్‌లో ఉన్నారు. పైన రాసిన పేరు స్పిరిట్‌తో తుడిస్తే చెరిగిపోవచ్చు. లోపలి పేరు బ్యాటరీ ఉన్నన్నాళ్లూ ఉంటుంది. క్యాసెట్ పెట్టి మీట నొక్కితే, నాలుగు అక్షరాల పేరు, దాని పక్కన ఎన్ని గంటలు ఆడాడో లెక్క. ఆఖరి కోట గుమ్మం ముందు ఆగిపోయి ఉంటాడు. ఎందుకు ఆగాడో, పరీక్షలొచ్చాయో, ఊరు మారారో ఎవరికి తెలుసు.

అలాంటి క్యాసెట్ చేతికొస్తే జాగ్రత్తపడేవాళ్లు వెంటనే బ్యాటరీ పీకరు. పీకిన క్షణంలో ఎస్‌ర్యామ్‌లోని జంటలన్నీ పట్టు వదిలేస్తాయి. ముందు క్యాసెట్‌ని ఒక చిన్న పరికరానికి తగిలించి ఆ 8 కిలోబైట్లనీ కంప్యూటర్‌లోకి ఎత్తుకుంటారు. పాత బిళ్ల టంకం కరిగించి తీస్తారు. రేకులు అంటించిన కొత్త సీఆర్2032ని ధన, రుణ ధ్రువాలు రెండుసార్లు చూసుకుని టంకం వేస్తారు. మల్టీమీటర్‌లో 3 వోల్టులు వచ్చాక, ఎత్తుకున్నదంతా మళ్లీ చిప్‌లోకి రాస్తారు. డొప్ప మూసి, రెండు మరలూ బిగించి, క్యాసెట్‌ని యంత్రంలో పెట్టి మీట నొక్కుతారు. తెర నల్లబడి, సంగీతం మొదలై, మొదటి పుటలో ఆ పిల్లవాడి పేరు వస్తుంది. కోట గుమ్మం ముందే ఉన్నాడు.