ఆఖరి బండినుంచి వెనక్కు

పిల్లలూ! తీసివేత లెక్కలు చేసేటప్పుడు "ఇవి ఎందుకు పనికివస్తాయి, మాస్టారూ?" అని మీలో కొందరు అడుగుతూ ఉంటారు. ఆల్ప్స్ పర్వతాలలో ఒంటరిగా నడవబోయేవాడు ఇంట్లో కూర్చుని చేసే మొదటి పని తీసివేతే.

ఆల్ప్స్ అంటే యూరప్ నడుమ, ఫ్రాన్సునుంచి స్లొవేనియా దాకా, సుమారు 1,200 కిలోమీటర్లు విల్లులాగా వంగి ఉన్న పర్వతాలు. వాటిలో ఉన్న స్విట్జర్లాండు చిన్న దేశమే. అయినా అక్కడ గుర్తులు పెట్టిన కాలిబాటలు దాదాపు 65,000 కిలోమీటర్లున్నాయి. శని, ఆదివారాలు వచ్చాయంటే అక్కడివాళ్ళు వీపుకు సంచీ తగిలించుకుని రైలెక్కుతారు. కారులో వెళ్ళినవాడు కారు వదిలిన చోటికే తిరిగి రావాలి. రైలులో వెళ్ళినవాడికి ఆ చిక్కు లేదు. ఒక చోట దిగి, కొండ దాటి, ఇంకొక లోయలో బండి ఎక్కవచ్చు.

1982నుంచి ఆ దేశమంతటా రైళ్ళు గంట గంటకూ అవే నిమిషాలకు నడుస్తున్నాయి. 8 గంటల 4 నిమిషాలకు ఒక రైలుంటే, 9 గంటల 4 నిమిషాలకూ ఉంటుందన్నమాట. రైలు దిగేసరికి బయట పసుపుపచ్చని పోస్టుబస్సు సిద్ధంగా ఉంటుంది. వాళ్ళ స్టేషను గడియారం చూడటానికే ఒక వింత. దానిలో ఎర్రని సెకన్ల ముల్లు 58 సెకన్లు దాటగానే చుట్టు పూర్తిచేసి, 12 దగ్గర క్షణం ఆగుతుంది. నిమిషాల ముల్లు ముందుకు దూకిన తరవాత మళ్ళీ బయలుదేరుతుంది.

అయితే కొండ ఎక్కినకొద్దీ బళ్ళు తగ్గిపోతాయి. కొన్ని లోయలకు రోజుకు నాలుగైదు బస్సులే. కొన్ని వేసవిలో తప్ప నడవనే నడవవు. కనక అక్కడ మొదటి బండికన్న ఆఖరి బండి ముఖ్యం.

2019 జూలైలో నేను బెర్న్ నగరంలో మా మేనల్లుడి ఇంట్లో ఉన్నాను. అతను శుక్రవారం రాత్రి ఒక కాగితం తీసుకుని, అన్నిటికన్న కింద "ఆఖరి బండి" అని రాసి, అక్కడినుంచి పైకి లెక్క వేసుకుంటూ పోయాడు. అతను వెళ్ళదలచినది షీనిగె ప్లాటె అనే చోటినుంచి ఫాల్‌హార్న్ శిఖరం మీదుగా ఫిర్స్ట్ అనే చోటికి. దారి 16 కిలోమీటర్లు. బయలుదేరే చోటు సుమారు 1,970 మీటర్ల ఎత్తు, శిఖరం 2,680, చేరే చోటు 2,170. ఫిర్స్ట్‌నుంచి కిందికి తీగమీద వేలాడే డబ్బాలలో గ్రిండెల్‌వాల్డ్ అనే ఊరికి దిగుతారు. అవి ఆగిపోతే ఇంకా 1,100 మీటర్లు కాళ్ళతోనే దిగాలి, అదీ చీకట్లో!

నడకకు ఎంతసేపు పడుతుంది? లెక్క ఇది: చదునుమీద గంటకు 4 కిలోమీటర్లు, ఎక్కేటప్పుడు గంటకు 300 మీటర్ల ఎత్తు, దిగేటప్పుడు 500. దూరానికి 4 గంటలు వచ్చింది. ఎక్కటానికీ, దిగటానికీ కలిపి సుమారు 3 గంటల 20 నిమిషాలు. ఈ రెంటిలో పెద్దదాన్ని పూర్తిగానూ, చిన్నదానిలో సగమూ తీసుకోవాలి. అంటే 5 గంటల 40 నిమిషాలు. దారిలో చిన్న చిన్న ఎగుడుదిగుళ్ళుంటాయి కనక 6 గంటలు అనుకుందాం. బాటల దగ్గర ఉండే పసుపుపచ్చని బోర్డులమీద కూడా ఎంతసేపు పడుతుందో రాసి ఉంటుంది, కాని అందులో విశ్రాంతి కలపరు. ఇది తెలియక చాలామంది మోసపోతారు.

తీగబండి వేళ నెలనుబట్టి మారుతుంది. మన లెక్కకు ఆఖరిది 6 గంటలకు అనుకుందాం. అందులో ఒక గంట అనుకోని ఆలస్యానికి తీసివేస్తే 5. భోజనానికీ విశ్రాంతికీ ఇంకొక గంట తీసివేస్తే 4. నడక 6 గంటలు తీసివేస్తే ఉదయం 10. ఆ వేళకు షీనిగె ప్లాటెలో ఉండాలి. అక్కడికి వెళ్ళేది 1893నుంచి నడుస్తున్న చిన్న కొండరైలు. మన ఊటీ రైలుకులాగే దీనికీ పట్టాల నడుమ పళ్ళ పట్టా ఉంటుంది. అది పైకి ఎక్కటానికి ఇంచుమించు గంట, అంతకుముందు బెర్న్‌నుంచి రైలు మరొక గంట. ఇట్లా తీసివేసుకుంటూ పోతే, నిద్ర లేవవలసిన వేళ కూడా తేలింది!

కాగితం అడుగున ఇంకొక మాట ఉన్నది: "మెండ్లెనెన్ గుడిసె, 1–30. దాటితే వెనక్కు." అది దాదాపు సగం దారి. వెనక్కు రావలసివస్తే ఎక్కవలసిన కొండరైలులో ఆఖరిది ఎప్పుడో అదీ పక్కనే రాశాడు.

"ఇంత దూరం వెళ్ళి వెనక్కు వస్తావుటోయ్?" అన్నాను.

"ఆ వేళకు నాకు ముందుకు పోవాలనే ఉంటుంది, మామయ్యా. అందుకే ఇప్పుడు రాసిపెట్టుకున్నాను," అన్నాడు.

నకలు ఒకటి నాకిచ్చి, "సాయంత్రం 7 లోపల ఫోను చేస్తాను. 9 దాకా రాకపోతే 1414కు చెప్పండి," అన్నాడు. అది అక్కడ హెలికాప్టరులో వచ్చి కాపాడేవాళ్ళ నంబరు. ఫోను అందని లోయలుంటాయి కనక సంచీలో ఒక ఈలకూడా పెట్టుకున్నాడు. ఆపదలో ఉన్నవాడు నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఊదాలి. విన్నవాళ్ళు నిమిషానికి మూడుసార్లు జవాబిస్తారు.

శనివారంనాడు నేను ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. నలభై ఏళ్ళు ఇతరుల పిల్లలను కనిపెట్టుకుని ఉన్నవాణ్ణే, అయినా ఆ రోజు అన్నం సయించలేదు. నాలుగున్నరకు ఫోను మోగింది.

"మామయ్యా, షీనిగె ప్లాటెలో ఉన్నాను. నీడవైపున పాతమంచు ఇంకా కరగలేదు, అడుగులు పడలేదు. గుడిసె చేరేసరికి రెండు దాటింది."

"ఎండ బాగానే ఉందిగా?"

"బ్రహ్మాండంగా ఉంది. నా వెనక వచ్చినవాళ్ళు ముందుకే పోయారు కూడా," అన్నాడు. గొంతులో కాస్త ఉడుకుమోత్తనం వినిపించింది.

రాత్రి ఇంటికి వచ్చి, బూట్లు ఎండబెట్టి, నా దగ్గరి నకలు తీసుకున్నాడు. దాని వెనకవైపున కింద "ఆఖరి బండి" అని రాసి, ఈసారి మంచుకోసం మరొక గంట తీసివేశాడు.