మోకాలి టెండన్ దీర్ఘకాలిక నొప్పి: చికిత్సల పరీక్ష – పరిశీలన

వ్యాససంగ్రహం:
మోకాలిచిప్ప కింది టెండన్‌లో నెలల తరబడి నిలిచే నొప్పికి ఇంజెక్షన్లు, షాక్‌వేవ్, శస్త్రచికిత్స, వ్యాయామం వంటి పలు చికిత్సలు వాడుకలో ఉన్నాయి. చికిత్స తరువాత నొప్పి తగ్గడం ఒక్కటే దాని సామర్థ్యానికి నిదర్శనం కాదని, సరైన పోలిక, తగినంత కాలవ్యవధి ఉన్న పరీక్షలోనే దాని విలువ తేలుతుందని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: టెండన్, జంపర్స్ నీ, యాదృచ్ఛిక పరీక్ష, ప్లాసిబో, వ్యాయామచికిత్స.

1. ప్రవేశిక

తొడ ముందరి కండరాల బలాన్ని మోకాలిచిప్ప నుంచి ముంగాలి ఎముకకు అందించేది పటెల్లార్ టెండన్. ఎగిరి దూకిన ప్రతిసారీ దానిపై అధికభారం పడుతుంది. అందువల్లనే ఈ వ్యాధికి ‘జంపర్స్ నీ’ అనే పేరు వచ్చింది. నార్వేలో తొమ్మిది క్రీడలకు చెందిన అగ్రశ్రేణి క్రీడాకారులపై జరిగి, 2005లో వెలువడిన అధ్యయనంలో వాలీబాల్ ఆటగాళ్లలో 45 శాతం, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లలో 32 శాతం మందికి ఈ బాధ ఉన్నట్లు తేలింది. బాధితులలో నొప్పి సగటున రెండున్నరేళ్లకు పైగా కొనసాగింది.

ఇది వాపువల్ల కలిగే నొప్పి అని పూర్వం భావించేవారు. అయితే సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు కొల్లాజెన్ పోగుల అమరిక చెదిరి కనిపించిందే తప్ప, వాపుకు సంబంధించిన కణాలు పెద్దగా కనిపించలేదు. దీనితో వాపును తగ్గించే మందులపై ఆధారపడిన చికిత్స పునాది బలహీనపడింది.

2. పోలిక ఆవశ్యకత

రోగి సాధారణంగా నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడే వైద్యుని ఆశ్రయిస్తాడు. హెచ్చుతగ్గులు ఈ నొప్పికి సహజం. కాబట్టి ఏ చికిత్సా లేకున్నా కొంతకాలానికి అది తగ్గవచ్చు. చికిత్సపై రోగికున్న నమ్మకం, ఆటకు ఇచ్చిన విశ్రాంతి కూడా ఫలితాన్ని ప్రభావితం చేస్తాయి. చికిత్స ప్రభావాన్ని వీటినుంచి వేరుచేయడానికే రోగులను యాదృచ్ఛికంగా సమూహాలుగా విభజించి, ఫలితాలను పోల్చి చూస్తారు. నొప్పిని, పనితీరును కొలవడానికి 1998లో ఆస్ట్రేలియాలో రూపొందించిన ‘విసా-పి’ ప్రశ్నావళిని వాడతారు. నొప్పి లేకుండా అన్ని పనులూ చేయగలిగినవారికి ఇందులో 100 మార్కులు వస్తాయి.

3. ప్రధాన పరీక్షలు

3.1 షాక్‌వేవ్: ఆటల సీజన్‌లో ఉన్న 62 మంది క్రీడాకారులపై నెదర్లాండ్స్‌లో జరిగిన పరీక్ష 2011లో వెలువడింది. అసలు చికిత్స పొందినవారికీ, ప్లాసిబో చికిత్స పొందినవారికీ మధ్య చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

3.2 ప్లేట్‌లెట్ ఇంజెక్షన్: రోగి రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవాన్ని టెండన్‌లోకి ఎక్కించే పద్ధతి ఇది. 2019లో వెలువడిన పరీక్షలో 57 మందికి రెండు రకాల ప్లేట్‌లెట్ ద్రవాలలో ఒకటిగానీ, సెలైన్‌గానీ ఇచ్చి, అందరిచేతా వ్యాయామం చేయించారు. 12 వారాల తరువాత ప్లేట్‌లెట్ ద్రవం సెలైన్ కంటే మెరుగైన ఫలితాన్ని ఇవ్వలేదు.

3.3 స్టెరాయిడ్ ఇంజెక్షన్: డెన్మార్క్‌లో 39 మంది పురుషులపై జరిగిన పరీక్ష 2009లో వెలువడింది. 12 వారాలకు స్టెరాయిడ్ మేలు చేసినట్లు కనిపించినా, ఆరు నెలలకు ఆ మేలు క్షీణించింది. అధికబరువుతో నెమ్మదిగా చేసే వ్యాయామం ఇచ్చిన ఫలితం మాత్రం నిలిచింది. పరిశీలన 12 వారాలకే ఆగి ఉంటే నిర్ణయం తలకిందులై ఉండేది.

3.4 శస్త్రచికిత్స: 2006లో వెలువడిన నార్వే పరీక్షలో 40 మోకాళ్లను పరిశీలించారు. ఏడాది తరువాత శస్త్రచికిత్స ఫలితం వ్యాయామ ఫలితం కంటే మెరుగ్గా లేదు.

3.5 వ్యాయామం: 2021లో వెలువడిన నెదర్లాండ్స్ పరీక్షలో 76 మంది పాల్గొన్నారు. భారాన్ని దశలవారీగా పెంచిన సమూహానికి విసా-పి సగటు 24 వారాలలో 56 నుంచి 84కు పెరిగింది. నొప్పిని ఓర్చుకుంటూ సంప్రదాయ పద్ధతిలో వ్యాయామం చేసినవారికి 57 నుంచి 75కే చేరింది. అయినా మెరుగైన సమూహంలోనూ సగంకంటే తక్కువ మందే పూర్వస్థాయిలో ఆడగలిగారు.

4. ముగింపు

పై పరీక్షలనుబట్టి మూడు అంశాలు స్పష్టమవుతాయి.
• ఖరీదైన చికిత్స, కొత్త చికిత్స అన్నంతమాత్రాన మేలైనది కాదు.
• త్వరితంగా కలిగే ఉపశమనం శాశ్వతప్రయోజనానికి హామీ కాదు.
• క్రమంగా భారం పెంచే వ్యాయామానికి తొలి ప్రాధాన్యం ఇవ్వడం సమంజసం. అయితే అదీ సంపూర్ణ పరిష్కారం కాదు.

ఏ చికిత్సనైనా అంగీకరించే ముందు ‘దీన్ని దేనితో పోల్చారు? ఎంతకాలం పరిశీలించారు?’ అని అడిగే హక్కు రోగికి ఉంది. ఆ రెండు ప్రశ్నలకు సమాధానం లేని చికిత్సకు నెలల కాలాన్ని, ధనాన్ని వెచ్చించడం క్రీడాకారునికి తీరని నష్టం.