లో వోల్టేజ్ అంటే ఇక్కడా భయమే

భోగి నాటికి సిడ్నీలో మండు వేసవి. ఒక ఏడాది ఆ పండగ ఆదివారం వచ్చింది. వెంట్వర్త్‌విల్‌లో మిత్రుల ఇంట్లో పిల్లలకు భోగిపళ్లు పోస్తుండగా నా ఫోన్ మోగింది. ఆ వారం ఆన్‌కాల్‌లో ఉన్న మా ఆఫీసు తెలుగు కుర్రాడు. "అన్నా, సర్వర్ రూమ్ 34 డిగ్రీలు చూపిస్తోంది. కరెంటు ఉంది, యూపీఎస్ బాగానే ఉంది. జనరేటర్ అసలు స్టార్టే కాలేదు. మరి వేడెందుకు?"

కారులో నలభై నిమిషాలు. గది తలుపు తీస్తే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు వేడి ముఖానికి కొట్టింది. సర్వర్లన్నీ నడుస్తున్నాయి. ఏసీలు రెండూ ఆగిపోయి, ప్యానెల్ మీద ఎర్రలైటు వెలుగుతోంది. ఆస్పత్రులకు మందులు పంపే సంస్థ లెక్కలన్నీ ఉన్న గది అది. ఒక్కొక్క సర్వర్‌నూ వరసగా ఆపుకుంటూ వచ్చాను. ఆ సాయంత్రం మూడు గంటలపాటు ఆర్డర్లు కాగితాల మీదే నడిచాయి. రెండు డిస్కులు మళ్లీ లేవలేదు.

జరిగిందేమిటంటే, మధ్యాహ్నం వోల్టేజ్ ఒక్క క్షణం కిందికి పడి లేచింది. సర్వర్లను యూపీఎస్ బ్యాటరీలు కాపాడాయి. కరెంటు వెంటనే కోలుకుంది కాబట్టి జనరేటర్ కదల్లేదు. ఏసీలకు మాత్రం యూపీఎస్ లేదు. అవి ట్రిప్ అయి, ఎవరైనా వచ్చి రీసెట్ నొక్కేదాకా అలాగే ఉండిపోయాయి. నెలనెలా మెయిన్ స్విచ్ దించి జనరేటర్ టెస్ట్ చేసేవాళ్లం. ఆ షీటు మీద సంతకం నాదే. పూర్తిగా కరెంటు పోతే ఏమవుతుందో చూశాం కానీ, సగం పోతే ఏమవుతుందో ఎప్పుడూ చూడలేదు.

ఇలా దెబ్బతిన్నవాళ్లలో చాలా పెద్దవాళ్లే ఉన్నారు. 2016 జూన్ 5, ఆదివారం మధ్యాహ్నం సిడ్నీలో పెనుతుపాను. అమెజాన్ క్లౌడ్ సెంటర్‌లో కొంత భాగానికి కరెంటు దెబ్బతింది. అక్కడ బ్యాటరీలకు బదులు గిర్రున తిరిగే బరువైన చక్రం ఉంటుంది. కరెంటు పోయాక డీజిల్ ఇంజిన్ అందుకునేదాకా ఆ చక్రం ఊపే సర్వర్లను నడుపుతుంది. ఆ రోజు కరెంటు పూర్తిగా పోలేదు, వోల్టేజ్ పడిపోయి చాలాసేపు అలాగే ఉంది. బయటి లైనును వేరుచేయాల్సిన బ్రేకర్లు వేగంగా తెరుచుకోలేదు. దాంతో చక్రంలోని శక్తి సర్వర్లకు బదులు బయటి గ్రిడ్‌లోకే వెళ్లిపోయింది. జనరేటర్లు స్టార్ట్ అయినా సర్వర్లకు కలవలేకపోయాయి.

2023 ఆగస్టు 30 సాయంత్రం మైక్రోసాఫ్ట్ వంతు. సెంటర్‌కు దాదాపు 29 కిలోమీటర్ల దూరంలో విద్యుత్ వ్యవస్థ మీద పిడుగు పడింది. వోల్టేజ్ తగ్గి, గదులను చల్లబరిచే చిల్లర్లు ఆగిపోయాయి. చేత్తో రీస్టార్ట్ చేయడానికి అక్కడున్నది ముగ్గురే. వాళ్లు అన్ని చిల్లర్ల దగ్గరికీ చేరేలోపు నీళ్లు వేడెక్కి, కొన్ని మొరాయించాయి. చివరికి సర్వర్లను ఆపాల్సి వచ్చింది. ఆ తర్వాత షిఫ్టులో మనుషుల్ని ముగ్గురి నుంచి ఏడుగురికి పెంచారు. నన్నడిగితే ఆ మొత్తం కథలో అసలు మరమ్మతు అదే.

మా గదిలో ఇప్పుడు ఏసీ కంట్రోల్ బోర్డుకు చిన్న యూపీఎస్ పెట్టాం. వోల్టేజ్ సరయ్యాక ఏసీలు వాటంతట అవే తిరిగేలా మార్పించాం. మూడు నెలలకోసారి ఎలక్ట్రీషియన్ వచ్చి లో వోల్టేజ్ టెస్ట్ చేస్తాడు. ఖర్చెందుకని మేనేజర్ గొణిగితే పోయిన డిస్కుల బిల్లు చూపించాను.

గుంటూరు జిల్లాలో మా నాన్న ఇరవై ఏళ్లు బోరు మోటారు మీద సేద్యం చేశాడు. కరెంటు పోతే మంచమెక్కి పడుకునేవాడు. బల్బు మసకబారితే మాత్రం చెప్పులు కూడా వేసుకోకుండా స్టార్టర్ డబ్బా దగ్గరికి పరుగెత్తేవాడు. లో వోల్టేజ్‌కి వైండింగ్ రెండుసార్లు కాలింది మరి. ఆ భోగి రాత్రి ఫోన్లో సంగతంతా చెబితే సాంతం విని, "అంత పెద్ద గదిలో వోల్టేజ్ మీటర్ చూసే మనిషి లేడా నాయనా?" అన్నాడు.